మంచు తొమ్మిదింటికి విడిపోవలెను

ముసురులోవలో పొగమంచును చూడటానికి ప్రభుత్వం ఒక ఉద్యోగిని నియమించింది. ఆయన పేరు బెవర పాపినాయుడు, వయసు యాభై రెండు. అంతకు ముందు ఇరవై ఆరేళ్ల పాటు ప్రకృతి సౌందర్య వినియోగ మండలి వారి జిల్లా కార్యాలయంలో, కిటికీకి వీపు పెట్టి కూర్చుని, కొండల ఫైళ్లూ జలపాతాల ఫైళ్లూ చూశాడు. జలపాతాన్ని మాత్రం ఎన్నడూ చూడలేదు. దాని ఎత్తు, వెడల్పు, వెళ్లే దారి, అక్కడ జారిపడినవారి వివరాలు అన్నీ ఫైల్లో ఉండగా మళ్లీ వెళ్లి చూడటం దేనికని ఆయన ఉద్దేశం.

అలాంటి మనిషిని ఏజెన్సీ కొండల మీదికి తోలడానికి కారణం ఒక మంత్రిగారి నడుంనొప్పి.

ఆ కార్తీకంలో మంత్రిగారు కొండల్లో ఒక వంతెనకి ప్రారంభోత్సవం చేయడానికి బయల్దేరారు. ఘాట్ రోడ్డు మలుపుల్లో నడుం పట్టేసి, ఒకచోట కారాపించి దిగారు. ఎదురుగా కొండల నడుమ లోయ, ముసురులోవ. లోవ అంచుల దాకా మంచు నిండి ఉంది. అందులోంచి మూడు కొండల తలలు మాత్రం బయటికి వచ్చి, పీకల్లోతు నీళ్లలో నిలబడి కబుర్లు చెప్పుకుంటున్న పెద్దమనుషుల్లా ఉన్నాయి. మంత్రిగారు నాలుగు నిమిషాల పాటు ఏమీ మాట్లాడలేదు. ఆయన అంతసేపు మాట్లాడకుండా ఉండటం ఎన్నడూ ఎరగని పీఏ కంగారుపడి మంచినీళ్ల సీసా తెచ్చాడు.

"ఇంత అందం పెట్టుకుని జనం ఏడు గంటలు బస్సులో రావాలా?" అన్నారు మంత్రిగారు. "విమానం వెయ్యండి."

అని కారెక్కి వెళ్లిపోయారు. ఆ రెండు మాటల మీద 'ప్రకృతి దర్శన వైమానిక పథకం' పుట్టింది. విమానం దిగడానికి చోటు కూడా దొరికింది. లోవకి పైన, ఎప్పుడో యుద్ధకాలంలో మిలిటరీవాళ్లు చదును చేసి వదిలేసిన బల్లపరుపు నేల ఒకటుంది. ఆ ఊరివాళ్లు దాన్ని ఇమానం మిట్ట అంటారు. డెబ్బై ఎనభై ఏళ్లుగా అక్కడ నూనెకి వలిసెలూ, అంబలికి చోళ్లూ తప్ప మరేవీ దిగలేదు.

పథకాన్ని నడిపించే బాధ్యత మండలి జాయింట్ డైరెక్టర్ ముక్కామల నరహరి గారి మీద పడింది. నరహరి గారు ఎలా రాస్తారో అలాగే మాట్లాడతారు. ఇంట్లో భార్యని కూడా, "కాఫీ విషయమై తదుపరి చర్య ఏమైనది?" అని అడుగుతారని ఆఫీసులో చెప్పుకుంటారు.

"పాపినాయుడూ," అన్నారు నరహరి గారు, "ముసురులోవ మంచు ప్రభుత్వము వారి దృష్టికి వచ్చినది. దృష్టికి వచ్చిన దానిని పరిశీలింపక తప్పదు. నిన్ను తాత్కాలిక ప్రాతిపదికన మంచు పరిశీలనాధికారిగా నియమించడమైనది."

"నాకు దగ్గండి, సార్."

"దగ్గు విషయము విడిగా అర్జీ పెట్టుకొనుము."

ఇంటికి వెళ్లి చెబితే భార్య సూరీడమ్మ అన్నం వడ్డిస్తున్నదల్లా గరిట ఆపేసింది.

"మంచు సూడ్డానికి మడిసిని ఎడతారేటయ్యా? దాన్నెవుడైనా ఎత్తుకుపోతాడనేటి?"

"ఆర్డరొచ్చీసింది, సూరీడూ."

"మంకీ క్యాపు ఇచ్చినారా?"

"ఇండెంటు ఎట్టమన్నారు."

* * *

లోవ అంచున, రోడ్డు మలుపులో, ఒక సిమెంటు బల్ల ఉంది. దాని వెనక పాత అటవీశాఖ గది. పాపినాయుడు కాపురం ఆ గదిలో, ఉద్యోగం ఆ బల్ల మీద. ఉదయం ఆరింటికి గొడుగు, రిజిస్టరు పట్టుకుని కూర్చోవాలి. మంచు వచ్చిన వేళ, పోయిన వేళ, చిక్కదనం, సౌందర్యం అని నాలుగు గళ్లు. ఆఖరి గడిలో ఉత్తమం, మధ్యమం, సామాన్యం అనే మూడింట్లో ఒకటి రాయాలి.

మొదటిరోజు ఆయన నిజాయితీగా రాశాడు: "మంచు కలదు. మరేమియు కనబడలేదు. సామాన్యము."

మూడోరోజుకి మెమో వచ్చింది. "ప్రభుత్వము వారు మెచ్చుకొనిన దృశ్యమును గూర్చి 'ఏమియు కనబడలేదు' అని వ్రాయుట ఆక్షేపణీయము. ఇకపై అట్టి సందర్భములలో 'అపార సౌందర్యము కనబడినది' అని వ్రాయవలెను."

అప్పట్నించి ఆయన ఏమీ కనబడనప్పుడల్లా అపార సౌందర్యము కనబడినదని రాస్తూ వచ్చాడు.

వారం తిరిగాక, కట్టెలమోపు నెత్తిన పెట్టుకుని పోతున్న ఒక ఆడమనిషి బల్ల దగ్గర ఆగింది. అరవై ఏళ్లుంటాయి. పేరు కొర్ర దాలిమ్మ. ఇమానం మిట్ట మీద ఆవిడకి ఎకరన్నర వలిసె చేను ఉంది.

"ఏటి బాబూ, వారం నుంచీ ఈడ కూకుని ఏటి సూత్తన్నావు?"

"మంచు, అప్పా."

"మంచు బాగానే ఉంది గదా. దానికేటైనాది?"

"దానికేటీ అవ్వలేదు. గవర్నమెంటు సూడమంది."

"సూసి?"

"రాయమంది."

"రాసి?"

పాపినాయుడు ఆలోచించాడు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఆయన్ని ఎవరూ అంత దూరం అడగలేదు. "పంపమంది," అన్నాడు.

దాలిమ్మ మోపు దించి, చెమట తుడుచుకుని, ఆ రిజిస్టరు వంక జాలిగా చూసింది. "తెలీకుండా ఏటి రాత్తావు బాబూ? ఈ మంచు ఒకటి కాదు. కింద పారే గెడ్డ నీళ్లలోంచి లేసిన మంచొకటి, తూరుపు కొండ దాటొచ్చిన మంచొకటి. గెడ్డ మంచు ఎండ సూత్తే లేసిపోద్ది. కొండ దాటొచ్చింది మొండిది. అది దానికి బుద్ధి పుడితేగానీ కదల్దు."

ఆ విషయం రాయడానికి రిజిస్టరులో గడి లేదు. పాపినాయుడు అంచున చిన్న అక్షరాలతో రాసుకున్నాడు.

* * *

నెలాఖరుకి విమానశాఖ తరఫున కెప్టెన్ ఆల్‌ఫ్రెడ్ రాజరత్నం తనిఖీకి వచ్చాడు. పొడుగాటి మనిషి, తక్కువ మాట. నరహరి గారు ఆయన్ని ఉదయం ఏడింటికి ఇమానం మిట్ట మీదికి తీసుకెళ్లి, "ఇదిగో, ఇచ్చట విమానము దిగును," అని చూపించారు. కెప్టెన్ చెయ్యి ముందుకి చాపాడు.

"నా చెయ్యి నాకు కనబడటం లేదండి. మీరు రన్‌వే చూపిస్తున్నారు."

"అదియే ఇచ్చటి విశేషము."

"విమానం దిగాలంటే కనీసం అయిదు కిలోమీటర్లు కనబడాలి. మంచు ఉంటే కుదరదు."

"కెప్టెన్ గారూ, మంచు ఈ పథకమునకు ప్రాణము."

"ప్రయాణికులకి కూడా ప్రాణాలుంటాయి కదండీ."

నరహరి గారు నొచ్చుకున్నారు. మధ్యాహ్నం మంచు విడిపోయి అయిదు కాదు, పదిహేను కిలోమీటర్లు కనబడుతున్న వేళకి గదిలో మీటింగు పెట్టారు. మంచు లేకపోతే మంత్రిగారు మెచ్చుకున్న అందం లేదు. మంచు ఉంటే విమానం లేదు. మూడు గంటల చర్చలో కెప్టెన్ రెండుసార్లు నిద్రపోయాడు. చివరికి నరహరి గారు కళ్లద్దాలు తీసి, మొహం వెలిగిపోతుండగా అన్నారు:

"ఇందులో వైరుధ్యమేమియు లేదు. ఇది కేవలము సమయపాలన సమస్య."

ఆయన తయారుచేసిన ఏర్పాటు ఇది. విమానం ఎనిమిదీ నలభైకి లోవ మీదికి వస్తుంది. ఇరవై నిమిషాలు ప్రయాణికులు కిటికీల్లోంచి మంచును చూసి ఆనందిస్తారు. తొమ్మిదింటికి మంచు విడిపోతుంది. తొమ్మిదీ అయిదుకి విమానం దిగుతుంది. తొమ్మిదింబావుకి కాఫీ.

"తొమ్మిదింటికి విడిపోతుందని ఎవరు చెప్పారు?" అన్నాడు కెప్టెన్.

"మేము ఉత్తర్వులు ఇచ్చెదము," అన్నారు నరహరి గారు.

కెప్టెన్ ఆయన మొహంలోకి కాసేపు చూశాడు. పరాచికం కాదని తెలిశాక లేచి, జీపులోంచి ఒక వైర్‌లెస్ సెట్టు తెచ్చి పాపినాయుడి చేతిలో పెట్టాడు. "నాయుడుగారూ, నేను విమానం తెచ్చిన రోజున మీరు కళ్లతో చూసింది నాకు దీంట్లో చెప్పాలి. కాగితంలో ఉన్నది కాదు." అని మీట ఎలా నొక్కాలో నేర్పి వెళ్లిపోయాడు.

ఉత్తర్వులు పదిరోజుల్లో వచ్చాయి. "ముసురులోవ పరిధిలోని పొగమంచు ప్రతిదినము ఉదయము తొమ్మిది గంటలకు విడిపోవలెను. అతిక్రమణ తీవ్రముగా పరిగణింపబడును." కింద ప్రతులు ఎవరెవరికి పంపారో ఉంది. కలెక్టరు గారికి, పోలీసువారికి, అటవీశాఖ వారికి. ఆఖర్న, "మంచునకు, పరిశీలనాధికారి ద్వారా."

పాపినాయుడు ఆఫీసుకి ఫోన్ చేశాడు. "సార్, మంచుకి కాపీ ఎలా ఇవ్వాలండి?"

"సంబంధితులు స్వయముగా స్వీకరింపనిచో ప్రముఖముగా కనబడు చోట అంటింపవలెను. నిబంధన నీకు తెలియనిదా?"

"మంచున్నప్పుడు ఏ చోటూ ప్రముఖంగా కనబడదండి."

"అట్లయిన మంచు లేనప్పుడు అంటింపుము."

సాయంత్రం మైదా ఉడకేసి గది తలుపుకి అంటించాడు. తెల్లారి చూస్తే కాగితం తడిసి ముద్దయి, సిరా మొత్తం కారిపోయి, తెల్లగా ఉంది. అదే రాసి పంపాడు. "ఉత్తర్వులోని అక్షరములను మంచు గ్రహించినట్లు తెలియుచున్నందున స్వీకరించినట్లే భావించడమైనది" అని జవాబు వచ్చింది.

స్వీకరించిన మంచు మాత్రం దారికి రాలేదు. సోమవారం ఎనిమిదింటికే పోయింది. మంగళవారం పదీ నలభై దాకా కూర్చుంది. బుధవారం అసలు రాలేదు. సెలవు పెట్టకుండా రాలేదు కాబట్టి దానికి సంజాయిషీ నోటీసు జారీ అయింది. అంటిస్తే అక్షరాలు నిలవడం లేదు గనక ఈసారి సాక్షి సమక్షంలో చదివి వినిపించమన్నారు.

పాపినాయుడు బల్ల ముందు నిలబడి, గొంతు సవరించుకుని, లోవలోకి చూస్తూ చదివాడు. "ఏడు దినములలోగా సంజాయిషీ ఇచ్చుకొననిచో ఏకపక్షముగా నిర్ణయము తీసుకొనబడును." సాక్షిగా నిలబడ్డ దాలిమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఏటన్నాది బాబూ?"

"ఏటీ అన్లేదు."

"దానికి తెలుగు రాదేటో. మా బాసలో సెప్పమన్నావా?"

పాపినాయుడికి నవ్వొచ్చింది. ఆపుకోబోయాడు, దగ్గొచ్చింది, దగ్గులోంచి నవ్వు బయటికి వచ్చేసింది. సిమెంటు బల్ల మీద కూలబడి కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. డ్యూటీలో ఉండగా నవ్వడం ఆయనకి అదే మొదలు. నవ్వి తలెత్తేసరికి మంచు మధ్యలో ఒకచోట చిరిగి, అడుగున గెడ్డ తళుక్కుమంది. మళ్లీ మూసుకుపోయింది. ఆయన చాలాసేపు ఆ చోటే చూస్తూ ఉండిపోయాడు.

ఆరోజు సౌందర్యం గడిలో అపారం అని రాయలేదు. కాసేపు కలం కొరికి ఇలా రాశాడు: "7-50కి గెడ్డ ఒక్క క్షణము కనబడినది. మరల కనబడునని చూచితిని. కనబడలేదు. అయినను చూచుచునే ఉంటిని."

ఆ తర్వాత రిజిస్టరు తీరే మారిపోయింది. ఏ కొండ భుజం ముందు బయటపడిందో, ఏ వైపు మంచు పీచులు పీచులుగా లేస్తుందో, ఏ వైపు కట్టకట్టుకుని కూర్చుంటుందో రాసేవాడు. ఊళ్లో పొయ్యిల పొగ సాయంత్రం నిటారుగా లేచిందా, ఇళ్ల కప్పుల మీద పరుచుకుందా అనేది కూడా రాయడం మొదలుపెట్టాడు. ఆ ఆనవాలు దాలిమ్మ చెప్పింది. ఒకరోజు, "8-20కి ఎండ గీతవలె దిగి వలిసె పూలపై పడినది. ఆ రంగునకు కార్యాలయములో వాడు పదము తెలియకున్నది" అని రాశాడు. "తెలియని విషయములు రిజిస్టరునందు వ్రాయరాదు" అని మెమో వచ్చింది. ఆయన దాన్ని ఫైలు చేసి, మర్నాడు మళ్లీ అలాగే రాశాడు.

పుష్యమాసంలో సర్వేవాళ్లు వచ్చి ఇమానం మిట్ట మీద తెల్లరాళ్లు పాతారు. పథకం పక్కా అయితే రన్‌వే పొడిగించాలి. పొడిగిస్తే దాలిమ్మ చేనుతో పాటు పదిహేడు ఇళ్లవారి చేలు పోతాయి. ఆ రోజు దాలిమ్మ బల్ల దగ్గరకొచ్చి మోపు దించలేదు.

"మంచు తొమ్మిదింటికి పోద్దని నువ్వు రాత్తే ఇమానమొత్తాది. ఇమానమొత్తే బూమి పోద్ది. అంతేనా బాబూ?"

"నేను రాసేది మంచు సంగతే, అప్పా. బూమి సంగతి వేరే సెక్షను."

అనేశాక ఆ మాట ఆయనకే నచ్చలేదు. ఆవిడ నెత్తి మీద మోపు సర్దుకుని వెళ్లిపోయింది. తాను రిజిస్టరులో పదం దొరక్క వదిలేసిన పసుపు రంగు ఏ చేనుదో ఆయనకి తెలుసు.

* * *

తొలి విమానానికి తేదీ కుదిరింది. మంత్రిగారూ మరో పదకొండుమంది ప్రముఖులూ వస్తారు. ముందురోజు మధ్యాహ్నానికే నరహరి గారు బ్యాండుమేళం, స్వాగత తోరణం, పన్నెండు పూలదండలు, రెండు పీపాల కాఫీ కాచే సరంజామాతో దిగారు. ఇమానం మిట్ట చివర షామియానా వేయించారు. సాయంత్రం నాలుగింటికి పాపినాయుణ్ణి పిలిచి ఒక కాగితం చేతికిచ్చారు. "రేపు ఉదయము తొమ్మిది గంటలకు మంచు విడిపోవునని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది." కింద సంతకానికి చోటు.

పాపినాయుడు తలెత్తి ఊరి వైపు చూశాడు. పొయ్యిలు రాజుకుంటున్నాయి. పొగ పైకి లేవడం లేదు. కప్పుల మీద పక్కదుప్పటిలా పరుచుకుని ఉంది. గాలి తూర్పు నుంచి వస్తోంది.

"సార్, రేపు తొమ్మిదింటికి విడవదండి. పొగ ఇలా పరుచుకున్న రోజులు రిజిస్టరులో పదకొండున్నాయి. పదకొండుసార్లూ మర్నాడు మంచు పదకొండు గంటలు దాటాకే పోయింది."

"అది గతము. ఇది ఉత్తర్వు."

"మంచుకి ఉత్తర్వులు ఎక్కట్లేదండి."

"పాపినాయుడూ," నరహరి గారు గొంతు తగ్గించారు. "నీ పదోన్నతి ఫైలు నా బల్లపై ఉన్నది. సూపరింటెండెంటు హోదా. స్వస్థలమునకు బదిలీ. మీ ఇంటినుండి నడచి వెళ్లునంత దూరము. ఒక్క సంతకము."

పాపినాయుడికి సూరీడమ్మ గుర్తొచ్చింది. ఫోన్ చేసినప్పుడల్లా, "ఎప్పుడొచ్చీది?" అనే అడుగుతుంది. ఆయన జేబులోంచి కలం తీశాడు కూడా. ఇన్నేళ్లలో పైవాళ్లు సంతకం పెట్టమన్న చోట పెట్టకపోవడం ఎరగడు. కలం మూత తీశాడు, మళ్లీ పెట్టాడు. కాగితం నరహరి గారి ముందుకి జరిపాడు.

"అందులో పన్నెండు మంది మనుషులు కూకుంటారండి, సార్. నేను పెట్టలేనండి."

నరహరి గారికి కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ వేసింది. కుర్చీ మాట్లాడినట్టు చూశారు. తర్వాత తన కలంతో తానే సంతకం పెట్టి, ముద్ర వేసి, విమానం బయల్దేరే విశాఖకి జీపులో పంపించేశారు. పంపే ముందు, పనిలో పనిగా, 'విడిపోవును' అన్నచోట 'విడిపోయినది' అని దిద్దారు. భవిష్యత్తు అయితే అనుమానాలకు తావిస్తుందని.

మర్నాడు ఎనిమిదింబావుకి బ్యాండువాళ్లు ఒకరికొకరు కనబడక, చేతులు పట్టుకుని వరస కట్టారు. పూలదండలు పట్టుకున్న ఆడవాళ్లలో దాలిమ్మ కూడా ఉంది. ఊరిపెద్ద పంపితే వచ్చింది. ఎనిమిదీ నలభైకి నెత్తిన విమానం చప్పుడు వినబడింది. చప్పుడు వినగానే వాయించాలని చెప్పి ఉంచారు కాబట్టి బ్యాండు మొదలైంది.

వైర్‌లెస్ సెట్టు గరగరమంది. "నాయుడుగారూ, నేను రాజరత్నం. నా చేతిలో ఉన్న కాగితం ప్రకారం మంచు తొమ్మిదింటికి విడిపోయింది. ఇప్పుడింకా ఎనిమిదీ నలభై మూడు. మీకేం కనబడుతోంది?"

"పలుచబడుచున్నదని చెప్పుము," అంది పక్కనించి నరహరి గారి గొంతు.

పాపినాయుడు మీట నొక్కాడు.

"బాబూ, నా పక్కన మా జాయింట్ డైరెక్టర్ గారు నిలబడున్నారు. ఆరి మాట ఇనబడతంది గానీ మనిషి కనబడ్డం లేదు. ఇది తూరుపు కొండ దాటొచ్చిన మంచు. పదకొండు దాటితేగానీ ఇడవదు. దిగొద్దు బాబూ."

కాసేపు గరగర. "థాంక్యూ, నాయుడుగారూ." చప్పుడు పైన చుట్లు తిరిగింది. ఒకటి, రెండు, మూడు. తర్వాత సన్నబడి సన్నబడి పోయింది. ఆపమని చెప్పేవాళ్లు లేక బ్యాండు చాలాసేపు వాయించింది.

"నన్ను నాశనం చేశావయ్యా," అన్నారు నరహరి గారు మంచులోంచి. ఆ ఒక్కసారి ఆయన మాటలో కాగితం వాసన లేదు. భయపడ్డ మనిషి మాటలాగే ఉంది. పాపినాయుడు తడుముకుంటూ వెళ్లి ఆయన్ని చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాడు. కాఫీ తెచ్చి ఇచ్చాడు. మిగిలిన కాఫీ బ్యాండువాళ్లూ, ఊరి ఆడవాళ్లూ తాగారు. దాలిమ్మ తన చేతిలో మిగిలిపోయిన దండని ఏం చెయ్యాలో తెలీక, మేస్తున్న తన మేక మెడలో వేసింది. పదకొండూ ఇరవైకి మంచు లేచింది.

* * *

నరహరి గారు రాజీనామా పత్రం రాసుకుని జేబులో పెట్టుకుని పట్నం వెళ్లారు. దాని అవసరం పడలేదు.

మంత్రిగారు పరమానందంలో ఉన్నారు. పైనించి చూస్తే మంచు సముద్రం మీద ఎండ పడుతోందట, కొండల తలలు మూడు కాదు, ముప్ఫై కనబడ్డాయట. కెప్టెన్ దిగడం కుదరదని చెప్పగానే, "దిగితే ఏముందయ్యా? చెట్లూ రాళ్లూ. అందమంతా ఇక్కడే ఉంది. ఇంకో చుట్టు తిప్పు," అన్నారట. విశాఖలో ఎక్కి, చూసి, మళ్లీ విశాఖలోనే దిగడం ఎంతో సుఖంగా ఉందని, నడుం అసలు పట్టలేదని విలేకరులకి చెప్పారు.

మండలి వెంటనే ప్రకటన ఇచ్చింది. "ప్రకృతిని ఆస్వాదించుటకు అచ్చటికి వెళ్లనవసరము లేదని ఈ పథకము మూలముగా నిరూపితమైనది." ఇమానం మిట్ట ఫైలు మూసేశారు. దాలిమ్మ, ఆవిడ చుట్టాలూ సర్వేరాళ్లు పెరికి పొయ్యిలకి వాడుకున్నారు. విమానాన్ని దింపకుండా ప్రభుత్వానికి కోట్లు మిగిల్చినందుకు నరహరి గారు అదనపు డైరెక్టరయ్యారు.

పాపినాయుడికి రెండు కాగితాలొచ్చాయి. మొదటిది, "మంచు పరిశీలన ఇకపై పైనుండి జరుపబడును గాన, క్రిందినుండి చూచు పోస్టు రద్దు చేయడమైనది. స్వస్థలమునకు వెళ్లవచ్చును." రెండోది, వెళ్లే ముందు ఆయన ఎవరికైనా అప్పగించి రసీదు తీసుకోవలసిన వస్తువుల జాబితా. రిజిస్టరు ఒకటి. కుర్చీ ఒకటి. గొడుగు ఒకటి. వైర్‌లెస్ సెట్టు ఒకటి. మంచు.

కుర్చీని అటవీశాఖ తీసుకుంది. మంచుకి రసీదు ఇమ్మంటే ఫారెస్టు గార్డు పారిపోయాడు. పోస్టు రద్దయింది కాబట్టి దాన్ని తీసుకోవడానికి తర్వాతి అధికారి లేడు. రసీదు లేనిదే రిలీవు చేయడానికి నిబంధన ఒప్పుకోదు. మంచు తప్ప మిగతావి అప్పగించానని రాస్తే, "మంచును కూడ యథాస్థితిలో అప్పగింపవలెను" అని జవాబు. ఇలా మూడు ఉత్తరాలు నడిచాయి. నాలుగోది రాయడానికి పాపినాయుడు పెద్దగా తొందరపడలేదు. రోజూ ఆరింటికి వెళ్లి బల్ల మీద కూర్చుంటున్నాడు.

మాఘమాసంలో సూరీడమ్మ స్వయంగా వచ్చేసింది. తెల్లవారుజామున బస్సు దిగి, చేతిలో సంచితో, మొహం గంటు పెట్టుకుని బల్ల దగ్గర నిలబడింది.

"ఉద్యోగం తీసీసినారట. ఇంకా ఈడేటి సేత్తన్నావయ్యా? పది గంటలకి బస్సుంది. సామాను సర్దు."

"సర్దుతాన్లే. ముందు కూకో."

"నానెందుకు కూకోవాలి?"

"అలిసిపోయొచ్చినావు. కూకో, సూరీడూ."

ఆవిడ విసురుగా కూర్చుంది. ముందు అంతా తెలుపే. ఆవిడ ఏదో అనబోయింది. పాపినాయుడు చెయ్యెత్తి కుడివైపు చూపించాడు. "ఇది గెడ్డ మంచు. అటు సూడు. ముందు ఆ కొండ భుజం వొత్తాది. దాని ఎనకాల గెడ్డ. ఆ తరవాత సేలు."

ఆవిడ నమ్మనట్టు చూసింది. కాసేపటికి కొండ భుజం వచ్చింది. మంచు ఒక పక్కన కుచ్చిళ్లు ఎత్తినట్టు లేచింది. గెడ్డ కనబడింది, మాయమైంది, మళ్లీ కనబడింది. ఎండ దిగింది. సూరీడమ్మ సంచి ఒళ్లోంచి తీసి కింద పెట్టింది.

"ఇదేనేటి, నువ్వు రోజూ రాసింది?" అంది.

"ఇదే. సరిగ్గా రాయడం రాలేదు."

దాలిమ్మ మోపుతో అటుగా వచ్చి, ఇద్దర్నీ చూసి, తనలో నవ్వుకుని పక్కదారిన పోయింది. మంచు కొంత పోయింది, కొంత ఉంది. పది గంటల బస్సు మలుపు దగ్గర హారను కొట్టి, కాసేపు ఆగి, వెళ్లిపోయింది. ఆవిడ కింద పెట్టిన సంచి తియ్యలేదు. ఆయన సామాను సర్దలేదు.